వరస కలిపిన పిలుపులు

ప్రేమ గురించి నేను చదివిన ఒక వ్యాసం పెళ్లికి ముందరి ఆకర్షణనే లెక్కలోకి తీసుకుంది. అందులో మన నిత్యజీవితాన్ని అంతకన్నా గాఢంగా మలిచిన వరసల ప్రస్తావనే లేకపోవడం నాకు పెద్ద లోటుగా తోచింది. తెలుగులో తండ్రి అక్కచెల్లెళ్లనూ, భార్య లేదా భర్త తల్లినీ ‘అత్త’ అనే ఒకే మాటతో పిలుస్తాం. తరతరాల మేనరికాలు భాషలో మిగిల్చిన గుర్తు అది. 1955 నాటి హిందూ వివాహ చట్టం సైతం దగ్గరి బంధువుల పెళ్లిని నిషేధిస్తూనే, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. (మేనరికాలు తగ్గడం పిల్లల ఆరోగ్యరీత్యా మంచిదే, వాటిని నేను వెనకేసుకురావడం లేదు.)

రక్తసంబంధం లేనివారితోనూ వరస కలుపుకోవడం ఇంకా గొప్ప విషయం. మా నాయనమ్మ పాలుపోసే ఆయనను ‘అన్నయ్యా’ అని పిలిచేది. ఆమె మంచం పట్టిన నెలల్లో ఆయన రోజూ క్యాను గడప పక్కన దించి, అరుగు మీద కాసేపు కూర్చుని, ‘ఏం చెల్లెమ్మా, ఈ పూట రెండు ముద్దలైనా తిన్నావా?’ అని అడిగాకే కదిలేవారు. ఇప్పుడు మా అపార్టుమెంటులో అందరూ అంకుళ్లు, ఆంటీలే. పాల ప్యాకెట్లు తలుపుకు తగిలించిన సంచిలో తెల్లవారకముందే పడిపోతాయి. వేసే కుర్రవాడి ముఖం నేను ఇంతవరకు చూడలేదు.