ఒక్క మంచం ఆస్పత్రి

మా కంపెనీ మీద పడి ఏడ్చేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. వయసు మళ్లినవాళ్ల ఇళ్లకు నర్సులను పంపే సంస్థ మాది. జీతం తక్కువట, సెలవు అడిగితే మొహం మాడ్చుకుంటుందట, పర్యవేక్షణ లేదట, నర్సులంటే గౌరవం లేదట. లోపల నర్సుగా పనిచేస్తున్న దాన్ని కనుక ఈ అపోహలు తొలగించడం నా బాధ్యత.

ముందు జీతం సంగతి. సుప్రీంకోర్టు చెప్పగా 2016లో కేంద్రం వేసిన కమిటీ, ప్రైవేటు ఆస్పత్రి నర్సులకు ఎంతివ్వాలో మంచాల లెక్కన సిఫార్సు చేసింది. 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా, 50 కంటే తక్కువైతే కనీసం 20,000 రూపాయలు. మేం వెళ్లే ఇంట్లో పడక ఒక్కటే, పైగా అది ఇల్లు. ఆస్పత్రి కాదు కాబట్టి ఆ లెక్క మనకు రాదని మేనేజర్ గారు ఎంతో ఓపికగా వివరించారు. మరి బ్రోచర్‌లో 'ఆస్పత్రి మీ ఇంటికే' అని వేశారు కదా సార్ అంటే, అది మార్కెటింగ్ వాళ్లు చూసుకుంటారమ్మా అన్నారు.

పని మొదలవగానే ఇల్లు మళ్లీ ఆస్పత్రి అయిపోతుంది. ముక్కు గొట్టంలోంచి పాలు, యూరిన్ బ్యాగు, ఇన్సులిన్, గంటగంటకీ చార్టు. వంటింటి వైపు వెళితే మాత్రం ఇల్లే. "సిస్టర్, మీరూ మా ఇంటి మనిషే కదా, ఆ చారుకి కాస్త పోపు పెట్టెయ్యండి." ఇంటి మనిషి జీతం పెంచమని అడిగితే ఏం బావుంటుంది చెప్పండి?

పర్యవేక్షణ లేదన్న ఆరోపణ మరీ అన్యాయం. మంచం ఎదురుగా కెమెరా, దాని వెనక డాలస్‌లో అబ్బాయిగారు. మనకు అర్ధరాత్రి దాటితే ఆయనకు మధ్యాహ్నం. "అమ్మ హాయిగా పడుకుంటే ఎందుకు కదుపుతున్నారు సిస్టర్?" అని ఫోన్. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే నడుం కింద చర్మం కమిలి పుండు పడుతుందని చెప్పాను. వీపు వెనక దిండు సర్ది, మడమలు పరుపుకి ఆనకుండా పెట్టి చూపించాను కూడా. సరే సరే అన్నారు. తెల్లారి కంపెనీకి ఫిర్యాదు వెళ్లింది: నాలుగింటికి సిస్టర్ కుర్చీలో కళ్లు మూసుకుంది, రికార్డింగ్ ఉంది. సంగతి విన్న అమ్మగారు, "వాడికి ఆఫీసులో పనేం ఉండదా?" అని అడిగారు. చార్టులో ఇలాంటివి రాయడానికి గడి లేదు.

తల్లిదండ్రుల పోషణకు 2007లో చట్టం తెచ్చారు. పోషణంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం అని అందులో ఉంది. కబుర్లు లేవు. ఆ లోటు గమనించిన మా కంపెనీ కబుర్లను ప్యాకేజీలో కలిపేసింది, ఉచితంగా. ఉచితం అంటే, దానికి మాకు పైసా రాదని.

గౌరవం లేదనడం కూడా తప్పే. మే 12న, నర్సింగ్‌కు ఆద్యురాలైన ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజు పొద్దున్నే, దీపం పట్టుకున్న ఆవిడ బొమ్మతో 'మీరే మా దేవతలు' అని కంపెనీ గ్రూపులో పెట్టారు. దాని కిందే ఇంకో మెసేజ్: డే షిఫ్ట్ సిస్టర్ రావడం లేదు, నైట్‌లో ఉన్నవారే కంటిన్యూ అవ్వాలి. దేవతలు రెప్ప వేయరని బాగా తెలిసిన మనిషే రాసి ఉంటారు.