హద్దులు ఉండాలి, మనం దాటేవి తప్ప

స్వేచ్ఛా వాణిజ్యం మీద నా అభిప్రాయం సుస్పష్టం. నేను కొనే సరుకు ఏ సుంకమూ లేకుండా ప్రపంచం నలుమూలల నుంచీ రావాలి, మా నాన్న అమ్మే సరుకుకు మాత్రం పక్క మండలం నుంచి కూడా పోటీ రాకూడదు. బెంగళూరు మారతహళ్ళిలో ఈ సిద్ధాంతాన్ని నమ్మిన తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే కానని మా అపార్ట్‌మెంటు లిఫ్టులో వినబడే చర్చలు రోజూ ధైర్యం చెబుతుంటాయి.

చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర మాకు మూడెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. 2025లో ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు, పొరుగు రాష్ట్రాల తోతాపురి జిల్లాలో అడుగుపెట్టరాదని జూన్ 7న చిత్తూరు కలెక్టరు ఉత్తర్వు ఇచ్చారు. ఈ కాయకు బెంగళూరా అనీ, కొన్నిచోట్ల కలెక్టరు కాయ అనీ పేర్లున్నాయి. అంటే కర్ణాటక నుంచి వస్తున్న బెంగళూరాను, కలెక్టరు కాయను, సాక్షాత్తూ కలెక్టరుగారే నిలిపివేశారన్నమాట. దేశమంతటా వాణిజ్యం స్వేచ్ఛగా సాగాలని రాజ్యాంగంలోని 301వ అధికరణం చెబుతున్నది నిజమే గాని, దాన్ని రాసిన పెద్దలకు మామిడి తోటలు ఉన్నట్టు లేవు. సిద్ధరామయ్యగారు చంద్రబాబుగారికి లేఖ రాశారు. మా నాన్న మాత్రం "ఇప్పుడన్నా గవర్నమెంటు కండ్లు తెరిసింది నాయనా" అని ఫోనులో సంతోషించారు.

ఉద్యోగాల సంగతిలోనూ నాది ఇదే నిష్ఠ. పరిశ్రమల్లో 75 శాతం కొలువులు స్థానికులకే అని 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనం చేసినప్పుడు, ఇక్కడి ఆఫీసులోనే కూర్చుని మిఠాయి పంచాను. 2024 జూలైలో కర్ణాటక మంత్రివర్గం మేనేజ్‌మెంటు ఉద్యోగాల్లో 50 శాతం, మిగతావాటిలో 70 శాతం కన్నడిగులకు కేటాయించే బిల్లుకు తల ఊపినప్పుడు, ఇది దేశ సమైక్యతకే గొడ్డలిపెట్టని రాత్రంతా నిద్రపోలేదు. రోజుల్లోనే ఆ బిల్లును పక్కన పెట్టారు, దేశం గండం గడిచి బయటపడింది.

విదేశాంగ విధానం మరీ తేలిక. న్యూజిలాండ్ పాలు మన పాడిరైతును ముంచుతాయన్న భయాల నడుమ 2019 నవంబరు 4న భారత్ బ్యాంకాక్‌లో ఆర్‌సెప్ అనే ఆసియా-పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందం నుంచి తప్పుకున్న రాత్రి, ఇంట్లో పూరీలు చేయించి పండగ చేసుకున్నాను. నూనె ఇండోనేషియా పామాయిల్. ఇండోనేషియా ఉన్న ఆసియాన్ కూటమితో వాణిజ్య ఒప్పందం 2010 నుంచే అమల్లో ఉంది కదా, పూరీ పొంగడానికి అభ్యంతరమేముంటుంది?

ఎదురింటాయనది కోలారు జిల్లా శ్రీనివాసపురం. ఇంట్లో మాట్లాడేది తెలుగే, తోటలో కాసేదీ తోతాపురే, ఆ కాయ కొనే ఫ్యాక్టరీలు మాత్రం ఎక్కువగా మా చిత్తూరు వైపున్నాయి. ఉత్తర్వు వచ్చిన వారం ఆయన ఒక సంచీ నిండా కాయలు తెచ్చి, "ఊరికే తినండి సార్, దారిలో పారబోసేదాని కన్నా మేలు" అని గుమ్మంలో పెట్టి వెళ్ళారు. సొంతచోటి ధర కన్నా, లేదా ఉత్పత్తి ఖర్చు కన్నా తక్కువకు పరాయి మార్కెట్లో సరుకు దించడాన్ని వాణిజ్య పరిభాషలో డంపింగ్ అంటారు. నేరం రుజువు చేయాలి కనుక నాలుగు కాయలు పువ్వుల్లా చీరి, ఉప్పూకారం చల్లి క్షుణ్ణంగా పరిశీలించాను. ఐదోది నోట్లో ఉండగా నాన్న ఫోన్ చేసి, ఏం తింటున్నావని అడిగారు.

"మన తోట కాయే నాయనా" అన్నాను.