కంచెకు కాపలా

పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు. కాఫీ గ్లాసు పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి. పాల ప్యాకెట్ మూల కత్తిరించడానికి పిల్లల్ని పిలవాలి. గంటో గంటన్నరో గడిచాక కాస్త వదులవుతాయి. ఇంట్లోవాళ్లు వాతం అంటారు, పక్కింటావిడ వంకాయ మానేయమంటుంది, మందుల షాపులో నొప్పి బిళ్లలు ఇస్తారు. అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలేసరికి ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతాయి. ఆలోపు వేళ్లు పక్కకు వాలిపోతాయి, మళ్లీ నిటారు కావు.

మన రోగనిరోధక వ్యవస్థే మన కీళ్ల లోపలి పొర మీద పడితే ఈ జబ్బు వస్తుంది. అదే వ్యవస్థ క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపితే టైప్-1 షుగర్, థైరాయిడ్ మీద పడితే హషిమోటో, చర్మం నుంచి మూత్రపిండాల దాకా ఎక్కడైనా దాడి చేస్తే లూపస్. కంచే చేను మేయడమన్నమాట. ఇలాంటి ఆటో ఇమ్యూన్ జబ్బులున్న ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు ఆడవాళ్లే. అసలు వింత ఇంకోటి ఉంది. సొంత శరీరాన్ని శత్రువుగా చూడగల కణాలు ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలోనూ తిరుగుతుంటాయి. మరి ఎక్కువమందిలో కంచె చేను జోలికి ఎందుకు పోవడం లేదు? జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి నలభై ఏళ్లకు పైగా పట్టుకు వేలాడిన ప్రశ్న ఇదే. 2025 వైద్య నోబెల్‌ను అమెరికాకు చెందిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌తో కలిసి ఆయన అందుకున్నారు.

పాత పాఠం సులువుగా ఉండేది. ఛాతీ ఎముక వెనుక థైమస్ అనే చిన్న గ్రంథి ఉంటుంది. రోగనిరోధక సైన్యంలో ఒక రకం తెల్ల రక్తకణాలైన టీ కణాలకు అదే బడి. సొంత శరీరాన్ని కరిచే లక్షణం ఉన్నవాటిని అక్కడే ఏరి చంపేస్తారు, మిగిలినవి బయటికొస్తాయి. కథ అంతటితో అయిపోయిందనుకున్నారు. కానీ 1969లో జపాన్‌లోని నగోయాలో ఒక ప్రయోగం ఈ పాఠానికి అడ్డం తిరిగింది. పుట్టిన మూడో రోజున ఆడ ఎలుక పిల్లలకు థైమస్ తీసేస్తే, వాటి అండాశయాలు పాడయ్యాయి. వారం దాటాక తీస్తే అలా జరగలేదు. బడి మూసేస్తే సైన్యం బలహీనపడాలి గానీ ఊరి మీద పడడమేమిటి?

ఈ ఎలుకల సంగతి చదివిన సకగుచి క్యోటో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన పీహెచ్‌డీని పక్కన పెట్టి నగోయా ల్యాబ్‌కు వెళ్లిపోయారు. థైమస్ లేని ఆ ఎలుకలకు, అదే జన్యు రకానికి చెందిన ఆరోగ్యమైన ఎలుకల టీ కణాలు ఎక్కించి చూశారు. జబ్బు రాలేదు. జబ్బు తెచ్చేవీ టీ కణాలే, ఆపేవీ టీ కణాలే అయితే వాటిలో రెండు రకాలుండాలి. రెండో రకం మూడో రోజు తర్వాత గానీ బడి నుంచి బయటికి రావన్నమాట. 1982లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

సరిగ్గా అప్పుడే గాలి ఎదురు తిరిగింది. 1970ల్లో దాడిని అణచిపెట్టే 'సప్రెసర్ టీ కణాలు' అంటూ ప్రపంచమంతా పెద్ద హడావిడి నడిచింది. వాటికి మూలమని చెప్పిన జన్యువు ఉండాల్సిన చోట లేదని 1980ల్లో తేలింది. దాంతో పరువు పోయింది. 'సప్రెసర్' అన్నవాడిని సదస్సుల్లో అనుమానంగా చూసే రోజులొచ్చాయి. ఆ రంగం వదిలిపోయినవాళ్లను మేం తప్పుపట్టబోం. సాక్ష్యం కూలిపోతే సిద్ధాంతాన్ని వదిలేయడమే సైన్స్ మర్యాద. అయితే జవాబు తప్పయినంత మాత్రాన ప్రశ్న తప్పయిపోదు. పాడైన ఎలుక అండాశయం అలాగే ఉంది, దానికి ఎవరో ఒకరు కారణం చెప్పాలి. సకగుచి అమెరికా వెళ్లి చోటు మార్చి చోటు పనిచేస్తూ, మళ్లీ జపాన్ వచ్చి, ఆ రెండో రకాన్ని గుర్తుపట్టే ఆనవాలు కోసం వెతుకుతూనే ఉన్నారు. 1995లో దొరికింది. సహాయక టీ కణాల్లో సుమారు పదో వంతు కణాల మీద సీడీ25 అనే ప్రొటీన్ ఉంటుంది. వాటిని తీసేసి మిగతావాటిని టీ కణాలు లేని ఎలుకలకు ఎక్కిస్తే థైరాయిడ్, పొట్ట, అండాశయం అన్నీ దెబ్బతిన్నాయి. తీసినవాటిని తిరిగి కలిపితే జబ్బు లేదు. ఈ కణాలకు 'రెగ్యులేటరీ టీ కణాలు' అని పేరు పడింది. పాత పేరు మారడం కూడా వీటికి కలిసొచ్చిందనే చెప్పాలి.

అప్పటికీ నమ్మనివాళ్లు ఉన్నారు. వాళ్ల నోళ్లు మూయించింది మరో ఎలుకల జాతి. అణుబాంబు కార్యక్రమంతో ముడిపడిన అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో, రేడియేషన్ ప్రభావాలు చూసే ల్యాబ్‌లో 1940ల్లోనే కొన్ని మగ ఎలుకలు పొలుసుల చర్మంతో, ఉబ్బిన ప్లీహంతో పుట్టి కొన్ని వారాలకే చనిపోయేవి. 'స్కర్ఫీ' అని పేరు పెట్టి ఆ సంతతిని దశాబ్దాల పాటు పెంచుతూ వచ్చారు. తప్పు ఎక్స్ క్రోమోజోమ్‌లో ఉందని తెలుసు, ఎక్కడో తెలియదు. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక చిన్న బయోటెక్ కంపెనీలో బ్రంకో, రామ్స్‌డెల్ ఆ వెతుకులాటకు దిగారు. సుమారు 17 కోట్ల జన్యు అక్షరాల్లో ఇది గడ్డివాములో సూదిని వెతకడమే. చివరికి ఇరవై జన్యువుల దాకా తగ్గించుకుని ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్తే, ఇరవయ్యోది దొరికింది! దానికి ఫాక్స్‌పీ3 అని పేరు పెట్టారు. మనుషుల్లో అదే జన్యువు పాడైతే మగపిల్లలకు ఐపెక్స్ అనే ప్రాణాంతక ఆటో ఇమ్యూన్ జబ్బు వస్తుందని 2001లో తేలింది. రెండేళ్లకు సకగుచి బృందం, ఇంకొందరు కలిపి ముడి విప్పేశారు: రెగ్యులేటరీ కణాలను తయారుచేసే మీట ఫాక్స్‌పీ3యే.

ఇదంతా చదివాక మన మార్కెట్ వైపు చూస్తే నవ్వొస్తుంది. కొవిడ్ తర్వాత 'ఇమ్యూనిటీ పెంచే' పొడి లేని కిరాణా కొట్టు ఉందా? బ్రేకుల గురించి అడిగేవాడు లేడు, అందరూ యాక్సిలరేటరే అమ్ముతున్నారు. లూపస్ ఉన్న అమ్మాయికి బంధువులు ప్రేమగా తెచ్చిచ్చే ఇమ్యూనిటీ లేహ్యం ఆమెకు ఏం మేలు చేస్తుందో అమ్మినవాళ్లే చెప్పాలి.

ఇప్పుడున్న మందులు చాలావరకు మొత్తం కాపలానే నిద్రపుచ్చుతాయి. స్టెరాయిడ్లు ఆ కోవవే. కొత్త ఇంజెక్షన్లలో కొన్ని మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష చేయక తప్పదు, దాగి ఉన్న క్షయ మళ్లీ లేస్తుందని భయం. రుమటాయిడ్‌కు నేటికీ వెన్నెముకలాంటి మెథోట్రెక్సేట్ మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లే ల్యాబ్ నుంచి వచ్చిందే. దాని దుష్ప్రభావాలు తగ్గించడానికి ఇచ్చే ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసిందీ ఆయన బృందమే. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. చీటీ సరిగా అర్థంకాక రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. మంచి మందే గానీ, గురి చూసి కొట్టే మందు కాదు.

రెగ్యులేటరీ కణాలతో ఆ గురి కుదురుతుందన్నది ఆశ. రోగి నుంచే ఈ కణాలు తీసి, పెంచి తిరిగి ఎక్కించడం, టీ కణాలను పెంచే ఇంటర్‌ల్యూకిన్-2 అనే ప్రొటీన్‌ను తక్కువ మోతాదులో ఇచ్చి వాటి సంఖ్య పెంచడం వంటి పద్ధతులపై రోగుల మీద పరీక్షలు జరుగుతున్నాయి. క్యాన్సర్‌లో లెక్క తలకిందులు. అక్కడ కణితి ఈ కణాలనే పోగేసుకుని వాటి చాటున దాక్కుంటుంది కాబట్టి తగ్గించే మార్గం వెతుకుతున్నారు. రెండు చోట్లా ఇంకా పని మిగిలే ఉంది. నోబెల్ పేరు చెప్పి రేపే ఎవరైనా ప్యాకేజీ అమ్మజూపితే నమ్మొద్దని ఇప్పుడే చెబుతున్నాం.

ప్రభుత్వాలకు చెప్పాల్సినవి రెండున్నాయి. పరిశోధనకు మన దేశం జీడీపీలో ఒక్క శాతం కూడా పెట్టడం లేదు, జపాన్ మూడు శాతం దాటి పెడుతోంది. ఆ ఇచ్చేదానికీ మూడేళ్లలో ఉపయోగమేమిటో చూపమంటే ఎలుక అండాశయం గురించి మన దగ్గర ఎవరు అడుగుతారు? రెండోది ఇంకా చిన్న విషయం. హైదరాబాద్ నిమ్స్ లాంటి చోట ఇలాంటి కీళ్ల జబ్బులు చూసే రుమటాలజీ విభాగం ఉంది, జిల్లా ఆసుపత్రుల్లో ఆ బోర్డు కనిపించడమే అరుదు. స్పెషలిస్టులు తయారవడానికి టైమ్ పడుతుంది, ఒప్పుకుంటాం. ఈలోగా పొద్దున గంటకు మించి వేళ్లు బిగుసుకుంటున్నాయని ఎవరైనా వస్తే, నొప్పి బిళ్ల చేతిలో పెట్టి పంపకుండా రుమటాయిడ్‌ను పట్టుకునే ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రక్త పరీక్షలు రాసి పెద్దాసుపత్రికి పంపమని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు చెప్పొచ్చు. అందుకు ఒక సర్క్యులర్ చాలు.