అంగడి సరుకు అన్నంత సూటిగా...

దీపావళి ముందు ఆదివారం చెన్నై టి.నగర్ రంగనాథన్ వీధిలో మనం నడవక్కర్లేదు, జనమే మోసుకుపోతారు. ఆ తోపులాటలో రెండు చేతులా కవర్లు మోస్తూ మా పిన్ని అంది: "లోకం మరీ కమర్షియల్ అయిపోయిందిరా." నవ్వొచ్చింది గానీ, ఆ మాట నన్ను వదల్లేదు.

అన్నిటినీ అమ్మకానికి పెట్టే ధోరణిని తప్పుపట్టడానికి తెలుగులో మాటేది? వ్యాసాల్లో 'వినియోగదారీతత్వ వ్యతిరేకత' అని కనిపిస్తుంది. నోరు తిరగకపోవడం అటుంచి, అందులో కోపమే లేదు. వినియోగం అంటే ఒక పనికి పెట్టడం. సహస్రనామం మొదట్లో 'జపే వినియోగః' అంటాం కదా, అదే. అంత శుభ్రమైన సంస్కృత పదానికి పారసీ 'దార్' తగిలించి వినియోగదారుణ్ని తయారుచేశాం. ఇక అతణ్ని తిట్టేదెలా?

ఇంగ్లిష్‌వాళ్లకు ఆ ఇబ్బంది లేదు. కన్స్యూమ్ అనే మాటకు లాటిన్ మూలంలోనే హరించడం, లేకుండా చేయడం అనే అర్థాలున్నాయి. ఒకప్పుడు టీబీని కన్సంప్షన్ అనేవారు. మన 'క్షయ' కూడా అచ్చంగా అదే ఊహ. కన్స్యూమరిజం మొదట్లో కొనేవాడి హక్కుల కోసం నిలబడటం. మన 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఆ కోవలోనే వచ్చింది. 1960 నాటికి ఆ మాటకు కొనుగోళ్ల మోజు అనే రెండో అర్థం వచ్చి, మొదటిదాన్ని మింగేసింది. తమిళుల దారి వేరు. ఇక్కడి బోర్డుల మీద వినియోగదారుడు 'నుగర్వోర్', అంటే అనుభవించేవాడు. నుగర్ అంటే వాసన పీల్చడం కూడా. బిర్యానీ కొట్టు ముందు నిలబడితే ఆ మాట ఎంత సరైందో తెలుస్తుంది.

మనకు మిగిలింది 'కమర్షియల్'. సినిమాకు తగిలిస్తే మెచ్చుకోలు, మనిషికి తగిలిస్తే తిట్టు. చిక్కల్లా అక్కడే. ఏటా ఫీజు పెంచే స్కూలును ఏమీ అనం, ట్యూషన్ డబ్బులు అడిగిన మాస్టారు మాత్రం 'మరీ కమర్షియల్'.

నిజానికి పాత మాట ఒకటుంది: అంగడి సరుకు. 'చదువు అంగడి సరుకైంది' అంటే కొనేవాణ్నీ అమ్మేవాణ్నీ కాదు, అమ్మకూడనిదాన్ని అమ్మడాన్నే తప్పుపడుతున్నాం. అంగడి తమిళంలోనూ ఉంది, అనువాదం చేసి చెప్పక్కర్లేదు.

పిన్నికి ఇదంతా చెప్పాను. "చీర అంగడి సరుకు కాకపోతే ఇంకేమిటి? నీ కొడుకు ఎల్కేజీ సీటు సంగతి చెప్పు" అంటూ పానగల్ పార్కు వైపు తిరిగింది. అక్కడ ఇంకో కొట్టుందట.