హౌసింగ్ ఉద్యోగానికి ఆగస్టులో వెళితే ఆలస్యమే

అమెరికాలో దిగిన మన విద్యార్థి సీనియర్లను మొదట అడిగేది పార్ట్‌టైమ్ గురించే. తరచుగా వచ్చే జవాబు క్యాంపస్ బయట, చేతికి నగదు ఇచ్చే ఏదో ఒక చోటు. ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా మీద అది అనుమతి లేని పని. బయటపడితే స్టేటస్ పోతుంది, ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడే పనిచేసే అనుమతి, దాని ఆశ పోతుంది, ఇంటి దగ్గర చేసిన అప్పు మాత్రం మిగులుతుంది. అదే యూనివర్సిటీలో విద్యార్థుల వసతి చూసే హౌసింగ్ విభాగం, చాలా క్యాంపస్‌లలో ఎక్కువమంది విద్యార్థులకు పనిచ్చే విభాగాల్లో ఒకటి. మనవాళ్ళు అక్కడ అడగరని కాదు. ఆగస్టు చివర్లో అందరూ ఒకేసారి రెజ్యూమెలు పట్టుకుని వెళతారు. మంచి ఉద్యోగాలు అప్పటికి ఎన్నో నెలల ముందే నిండిపోయి ఉంటాయి. ఈ సంగతి పిల్లలు విమానం ఎక్కకముందే చెప్పడం మన తెలుగు సంఘాల బాధ్యత అని గట్టిగా నమ్ముతాను.

హౌసింగ్‌లో పనులు చాలా రకాలు. ఫ్రంట్ డెస్క్‌లో కూర్చుని తాళాలు ఇవ్వడం, రాత్రిపూట లోపలికి వచ్చేవాళ్ళ ఐడీ చూడడం, పార్సిల్ గది, డైనింగ్ హాల్, మే నెలలో గదులు ఖాళీ అయ్యాక శుభ్రం చేసే బృందాలు, వేసవిలో కాన్ఫరెన్సులకు వచ్చే అతిథులకు గదులు సిద్ధం చేసే సిబ్బంది. వీటన్నిటికంటే పెద్దది రెసిడెంట్ అసిస్టెంట్, అంటే ఆర్‌ఏ ఉద్యోగం. ఒక అంతస్తులోని విద్యార్థుల బాగోగులు చూస్తూ వాళ్ళతోపాటే అక్కడ ఉండాలి. గది ఉచితం, చాలాచోట్ల భోజనం కూడా, కొన్నిచోట్ల దానిమీద స్టైపెండ్. మాస్టర్స్, పీహెచ్‌డీ వాళ్ళకి గ్రాడ్యుయేట్ హాల్ డైరెక్టర్ అసిస్టెంట్‌షిప్‌లు ఉంటాయి. ప్రకటనలో ఫలానా కోర్సు వాళ్ళకే అని రాసి లేకపోతే ఇంజనీరింగ్ విద్యార్థి కూడా నిస్సంకోచంగా పెట్టుకోవచ్చు. "అవి మనకు కాదులే" అని వదిలేసేవాళ్ళే ఎక్కువ.

క్యాలెండర్ దాదాపు అన్నిచోట్లా ఒకే తీరులో నడుస్తుంది. ఆర్‌ఏ దరఖాస్తులు అక్టోబరు, జనవరి మధ్య తెరుస్తారు. ఇంటర్వ్యూలు జనవరి, ఫిబ్రవరిలో. ఆఫర్లు మార్చిలోపు. శిక్షణ ఆగస్టులో, క్లాసులకు ముందు. వేసవి పనుల ప్రకటనలు ఫిబ్రవరి, మార్చిలో వస్తాయి. డెస్క్ పనులకు వసంతం చివర్లో ఒకసారి, ఆగస్టులో మిగిలిన ఖాళీలకు ఇంకోసారి తీసుకుంటారు. అందుకని ఫాల్‌లో, అంటే ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌లో చేరిన విద్యార్థి మొదటి సెమిస్టర్‌లో డెస్క్‌గానీ డైనింగ్‌గానీ పట్టుకోవాలి. జనవరికల్లా చేతిలో జీపీఏ ఉంటుంది, సిఫారసు చేయడానికి అక్కడి సూపర్‌వైజర్ ఉంటారు. ఆర్‌ఏకి అప్పుడు పెట్టాలి. కనీస జీపీఏ 2.5 అటూ ఇటూ అడుగుతారు. కొన్ని యూనివర్సిటీలు ముందే హాల్‌లో ఒకటి రెండు సెమిస్టర్లు ఉండి ఉండాలంటాయి, ఆ షరతు ముందే చదవండి. డిసెంబరులో కొందరు ఆర్‌ఏలు డిగ్రీ అయిపోయి వెళ్ళిపోతారు. వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళకి అప్పుడు పిలుపు వస్తుంది, కాబట్టి లిస్టులోంచి పేరు తీయించుకోవద్దు.

ప్రకటనలు ఒక్క హ్యాండ్‌షేక్ అనే విద్యార్థి ఉద్యోగాల వెబ్‌సైట్‌లోనే వెతికితే సగం దొరకవు. యూనివర్సిటీ సొంత స్టూడెంట్ జాబ్స్ పోర్టల్ చూడాలి, హౌసింగ్ విభాగం వెబ్‌సైట్ విడిగా చూడాలి. ఆ విభాగం పేరు ఒకచోట రెసిడెన్స్ లైఫ్, ఇంకోచోట రెసిడెన్షియల్ ఎడ్యుకేషన్. ప్రకటనలో 'వర్క్‌స్టడీ ఓన్లీ' అని ఉంటే దాని జోలికి పోవద్దు. అది ఫెడరల్ సాయం అర్హత ఉన్న అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు వాళ్ళకు ఉద్దేశించినది.

చట్టం దగ్గర ఏమరుపాటు పనికిరాదు. క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు, రెండు ఉద్యోగాలుంటే రెండూ కలిపే 20. అసిస్టెంట్‌షిప్ 20 గంటలదైతే డెస్క్ షిఫ్టుకు చోటు లేనట్టే. ఆర్‌ఏ పనిని ఎన్ని గంటలుగా లెక్కిస్తారో ఇంటర్నేషనల్ ఆఫీసును ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోవాలి. సెలవుల్లో, తర్వాతి టర్మ్‌కు చదువు కొనసాగించేవాళ్ళు 20 దాటి చేయవచ్చు.

అన్నిటికంటే పెద్ద ఉచ్చు ప్రైవేటు స్టూడెంట్ అపార్ట్‌మెంట్లు. పేరులో యూనివర్సిటీ ఉంటుంది, బస్సు గుమ్మం ముందు ఆగుతుంది, ఉండేదంతా విద్యార్థులే. యజమాని మాత్రం ప్రైవేటు కంపెనీ. "కమ్యూనిటీ అసిస్టెంట్‌గా చేరితే అద్దె తగ్గిస్తాం" అంటారు. డబ్బు చేతికి రాకపోయినా అద్దె తగ్గింపు జీతం కిందే లెక్క, క్యాంపస్ బయట చేసిన పని కిందే లెక్క. యూనివర్సిటీ స్థలంలో ప్రైవేటు కంపెనీ కట్టి నడిపే భవనాలు కూడా ఇప్పుడు చాలా ఉన్నాయి. వాటి విషయంలో మేనేజర్ మాట, సీనియర్ మాట రెండూ చాలవు. డీఎస్‌ఓ, అంటే మీ వీసా రికార్డులు చూసే యూనివర్సిటీ అధికారి, రాతపూర్వకంగా సరే అన్నాకే సంతకం చేయాలి.

ఇక దరఖాస్తు. రెజ్యూమె ఒక్క పేజీ. పుట్టినతేదీ, ఫొటో, తండ్రి పేరు, పాస్‌పోర్టు నంబరు, పదో తరగతి శాతం తీసేయండి. వాటి స్థానంలో హాస్టల్ మెస్ కమిటీలో ఏం చేశారో, కాలేజీ ఫెస్ట్‌లో ఎంతమందిని నడిపారో, గొడవ వస్తే ఎలా సర్దారో రాయండి. హౌసింగ్ వాళ్ళు వెతికేది అదే. పైథాన్, జావా పేర్లతో సగం పేజీ నింపితే మనిషి ఎలాంటివాడో వాళ్ళకి తెలియదు. అన్ని ఆఫీసులకీ ఒకే మెయిల్ పంపడం కూడా మనవాళ్ళ అలవాటు. అవి చదవకుండానే పక్కకు పోతాయి.

దరఖాస్తుతో క్లాసు వేళల పట్టిక జతచేసి, ఏ షిఫ్టులు చేయగలరో స్పష్టంగా రాయండి. మనవాళ్ళకు ఉన్న అసలు బలం ఇక్కడే ఉంది. థాంక్స్‌గివింగ్‌కి, క్రిస్మస్‌కి, స్ప్రింగ్ బ్రేక్‌కి స్థానిక విద్యార్థులు ఇళ్ళకు వెళ్ళిపోతారు. తెరిచి ఉంచిన హాళ్ళకు సిబ్బంది చాలక సూపర్‌వైజర్ తల పట్టుకుంటారు. "నవంబరు ఆఖరి వారం, డిసెంబరు సెలవులు అంతా ఇక్కడే ఉంటాను, రాత్రి షిఫ్టులు చేయగలను" అన్న ఒక్క వాక్యం చాలా దూరం తీసుకెళుతుంది. నిజంగా ఉండేటట్టయితేనే రాయాలి.

ఆర్‌ఏ ఇంటర్వ్యూలో తప్పక వచ్చే ప్రశ్న ఇలా ఉంటుంది: రాత్రి రెండు గంటలకు ఒక గదిలో పెద్ద శబ్దం, మద్యం వాసన, లోపల మీ స్నేహితుడు కూడా ఉన్నాడు. ఏం చేస్తారు? "స్నేహంగా చెప్పి పంపేస్తాను, రిపోర్టు దాకా పోనివ్వను" అంటే అక్కడితో అయిపోయింది. డ్యూటీలో ఉన్న రెండో ఆర్‌ఏని పిలవాలి. తలుపు తట్టి తానెవరో చెప్పాలి. ఎవరైనా స్పృహ తప్పి ఉంటే ముందు 911, తర్వాతే మిగతావి. ఆ రాత్రి ఆన్‌కాల్‌లో ఉన్న హౌసింగ్ అధికారికి ఫోన్ చేసి, ఆ రాత్రే ఇన్సిడెంట్ రిపోర్టు రాయాలి. రిపోర్టులో "అందరూ తాగి ఉన్నారు" అని రాయకూడదు. "బల్లమీద ఆరు ఖాళీ బీరు డబ్బాలు, గదిలో నలుగురు, ఒకరి మాట తడబడుతోంది" అని రాయాలి. కన్ను చూసింది, చెవి విన్నది, అంతే.

రెండో ప్రశ్న ఇంకా సున్నితం. ఒక అమ్మాయి ఏడుస్తూ వచ్చి, "ఎవరికీ చెప్పనంటేనే చెబుతా" అంటుంది. మన పెంపకం ప్రకారం నోటికి మొదట వచ్చే మాట "ఎవరికీ చెప్పను". ఆ మాట ఇవ్వకూడదు. లైంగిక వేధింపు, దాడి లాంటివి తెలిస్తే పైకి తెలియజేయడం ఆర్‌ఏ బాధ్యత. ఆ సంగతి ఆమె నోరు విప్పకముందే మెత్తగా చెప్పి, గోప్యంగా మాట్లాడగల కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళతానని చెప్పాలి.

ఆఫర్ వచ్చాక కాగితాల పని. ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) లేనివాళ్ళు ఉద్యోగ లేఖ, డీఎస్‌ఓ లేఖ, పాస్‌పోర్టు, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే పత్రం), ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), ఎస్‌ఎస్-5 (నంబరు దరఖాస్తు) ఫారంతో సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్ళాలి. దేశంలోకి వచ్చి పది రోజులు గడిచాక వెళితే రికార్డు దొరక్క తిప్పి పంపే బాధ తగ్గుతుంది. పని చేసే అర్హత చూపే ఐ-9 ఫారానికి ఒరిజినల్ పత్రాలే కావాలి, ఫోన్‌లో ఫొటోలు చెల్లవు, పని మొదలైన మూడు పనిదినాల్లోపు పూర్తవాలి. నాన్‌రెసిడెంట్‌గా ఉన్న ఎఫ్-1 విద్యార్థి జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 7.65 శాతం కోయకూడదు. కోస్తే ముందు పేరోల్‌ను అడగండి, కాదంటే డబ్బు వెనక్కి ఇమ్మని పన్నుల శాఖకు ఫారం 843 పెట్టండి. భారత విద్యార్థులకు భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం కింద, నాన్‌రెసిడెంట్లు వేసే పన్ను రిటర్ను 1040-ఎన్‌ఆర్‌లో స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఉంది. చాలామంది దాన్ని వాడుకోకుండా వదిలేస్తున్నారు.

ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. ఆర్‌ఏ అయితే గది ఖర్చు అంతా మిగిలినట్టే అనుకోకండి. ఆదాయాన్ని బట్టి వచ్చే గ్రాంట్లు ఉంటే, ఉచిత గది విలువ మేరకు వాటిని తగ్గించవచ్చు. సంతకానికి ముందే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుతో లెక్క వేయించండి.

లీజు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. బయట అపార్ట్‌మెంట్ వాళ్ళు వచ్చే ఏడాదికి రెన్యువల్ చేయమని శీతాకాలంలోనే వెంటపడతారు. ఆర్‌ఏ ఫలితం వచ్చేది ఆ తర్వాతే. తొందరపడి సంతకం చేస్తే ఉచిత గది వచ్చినా పన్నెండు నెలల అద్దె మెడకు చుట్టుకుంటుంది, రూమ్‌మేట్లతో మాట పట్టింపులు అదనం. ఫలితం వచ్చేదాకా ఆగండి. ఆగడం కుదరకపోతే సబ్‌లీజుకు అనుమతి ఉందని లీజులో రాయించుకోండి.

మన సంఘాల స్థానిక శాఖలు డిసెంబరులో ఒక శనివారం దీనికి కేటాయించాలి. ఇప్పటికే ఆర్‌ఏలుగా చేస్తున్న మన పిల్లలు ఇద్దరు ముగ్గురు వచ్చి బల్ల అవతల కూర్చుంటే చాలు. పైన రాసిన రెండు ప్రశ్నలూ ఒక్కొక్కరినీ నిలబెట్టి ఇంగ్లిషులో అడగాలి. తడబడినచోట ఆపి, మళ్ళీ చెప్పించాలి.