గనిలో నిలబడ్డ మోళ్లు, గ్రూపులో పడ్డ ప్రళయం

ఆ మెసేజ్ ఈ వారంలో నాలుగోసారి వచ్చింది. ఈసారి పంపింది మా బాబాయి, కింద రెండు దండాలు కూడా పెట్టి. హంగేరీ బొగ్గు గనిలో రాయిగా మారిన చెట్ల మోళ్లు నిటారుగా దొరికాయట. ఒక్కరోజు ప్రళయానికి అదే రుజువట. సైంటిస్టులు దాచేశారట. గని కప్పులో అలాంటి మోడు కనిపిస్తే కార్మికులకు శుభమట.

దాచారా? 2007లో హంగేరీలోని బుక్కాబ్రాణ్ లిగ్నైట్ (ముదురు గోధుమ రంగు బొగ్గు) గనిలో 16 మోళ్లు బయటపడ్డాయి. కొన్నిటిని మిష్కోల్ట్స్ మ్యూజియంలో నిలబెట్టారు, టికెట్ కొని చూసి రావచ్చు. రాయి కూడా కాదు. సుమారు 70 లక్షల ఏళ్ల తర్వాత కూడా అది చెక్కే.

ప్రళయం దగ్గర బాబాయికి ఒక మార్కు వేయాల్సిందే. ఆ చెట్లను ఇసుక నిజంగానే త్వరగా కప్పేసింది, లేకపోతే అక్కడే కుళ్లిపోయేవి. కానీ గోదావరి పొంగితే లంకల్లో రాత్రికి రాత్రే ఇసుక మేట వేస్తుంది. దాన్నెవరూ ప్రళయం అనరు, పంట నష్టం అంటారు. కెనడాలో జాగిన్స్ తీరపు చరియల్లో ఒక అడవి మీద ఇంకో అడవి, ఎక్కడి వేళ్లు అక్కడే, పొరలు పొరలుగా ఉంటాయి. 1852లో భూగర్భ శాస్త్రవేత్తలు లయెల్, డాసన్ అక్కడి ఒక మోడు లోపల నాలుగు కాళ్ల జంతువుల ఎముకలు చూశారు. చెట్టు పూడాలి, లోపల కుళ్లి బోలు కావాలి, అందులోకి జంతువు చేరాలి, మళ్లీ మట్టి నిండాలి. ఇవన్నీ ఒకే రోజులో అయ్యాయంటే ఆ ప్రళయం టైమ్‌టేబుల్ వేసుకుని వచ్చి ఉండాలి.

ఒళ్లు మండింది మాత్రం ఆ 'శుభం' చూసి. గని కప్పులో కనిపించే అలాంటి మోడును అమెరికాలో అపలాచియన్ కొండల గనుల వాళ్లు 'కెటిల్ బాటమ్' అంటారు. కింద బొగ్గు తీశాక కప్పులో గుండ్రంగా కనిపించేది శిలగా మారిన మోడు అడుగుభాగం. దాని బెరడు పలచటి బొగ్గుపొరగా మారి ఉంటుంది, చుట్టూ ఉన్న రాయిని అది పట్టుకోదు. పైగా మోడు పైన సన్నం, కింద వెడల్పు. ఆధారం పోగానే ఒక్క చప్పుడైనా లేకుండా జారిపడుతుంది. వందల కిలోల రాయి. దాని కింద మనుషులు చచ్చిపోయారు. అది కనిపిస్తే దండం పెడుతూ నిలబడతారా? పక్కకు తప్పుకుని, కప్పుకు బోల్టులు, పట్టీలు వేయించాలి.

బాబాయ్, మీ అల్లుడు దిగేది భూగర్భ గనిలోకే. ఆయనకూ ఇదే పంపానన్నారు. అది డిలీట్ చేయండి. ఈపాటికి చదివేసి ఉంటే, షిఫ్టుకు వెళ్లకముందే ఫోన్ చేయండి.