మొదటిది వదిలేయకండి

కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్ అనే వీడియో గేమ్‌కు రెండో భాగం వచ్చాక మొదటిది ఆడనక్కర్లేదని ఓ వ్యాసంలో రాశారు, ఆ మాట ఒప్పుకోలేను. రెండో భాగం (2025) చాలా విషయాల్లో మెరుగే, ముఖ్యంగా కత్తియుద్ధంలో. 2018 నాటి మొదటి ఆటలో మాస్టర్ స్ట్రైక్ అనే ఎదురుదెబ్బ ఎత్తు వచ్చేశాక మనం దాడి చేయాల్సిన పనే ఉండదు. ఎదుటివాడు కొట్టేదాకా ఆగి తిప్పికొడితే చాలు. శత్రువులూ అదే పని చేస్తారాయె! రెండో భాగంలో అది కత్తికి మాత్రమే పరిమితం, అదీ దెబ్బ వచ్చే వైపుకు ఎదురు వైపు నుంచి కొట్టాలి. అందులోని కుట్టెన్‌బర్గ్ నగరం గురించైతే చెప్పనే అక్కర్లేదు, అద్భుతం.

కానీ మొదటి ఆటలో కథానాయకుడైన కమ్మరి కొడుకు హెన్రీకి అక్షరం ముక్క రాదు. పుస్తకం తెరిస్తే అక్షరాలన్నీ తారుమారుగా కనిపిస్తాయి. ఉజిత్స్ అనే ఊళ్లో లేఖరి దగ్గర చదువు నేర్చుకున్నాక, చదివే కొద్దీ ఒక్కో మాటా కుదురుకుంటూ వస్తుంది. కమ్మరి కొడుకు ఎదగడాన్ని ఇంత బాగా చూపించిన ఆట నేను ఇంకోటి ఆడలేదు. రెండో భాగంలో గాయాల వంకతో అతన్ని మళ్లీ బలహీనుణ్ని చేశారు గానీ, ఆ ఎదుగుదల రుచి మాత్రం రాలేదు.

కొత్తవాళ్లు ముందు 2018 ఆటే మొదలుపెట్టండి. తొలి గంటలు విసిగిస్తాయి, సేవ్ చేసుకోవడానికి ష్నాప్స్ అనే మద్యం వెతుక్కోవాలి. అయినా హెన్రీ సొంతూరు స్కాలిట్స్ తగలబడటం చూశాకే, రెండో భాగం మొదలయ్యే ట్రోస్కీకి వెళ్లండి.